కడలి అడుగున మందుల చిట్టా

సముద్రపు బ్యాక్టీరియా జన్యువులను చదవడం చవకైపోయింది. చదివినదాన్ని మందుగా మార్చే దారిలో భారత్ ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది

బహామా దీవుల చుట్టూ ఉన్న సముద్రం అడుగు నుంచి అమెరికా శాస్త్రవేత్తలు విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ తీసుకెళ్లిన బురద చూడ్డానికి మామూలు బురదే. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధనా సంస్థలో దాన్ని గాజు పళ్లాల్లో పెంచితే నారింజ రంగు మచ్చల్లాంటి బ్యాక్టీరియా బయటపడింది. ఉప్పునీరు పోస్తే తప్ప అది పెరగదు. ఆ తరగతి బ్యాక్టీరియా సముద్రంలో కనిపిస్తే, నేల మీది నుంచి వాన నీటితో కొట్టుకొచ్చిందేనని అంతవరకూ ఎక్కువ మంది శాస్త్రవేత్తలు తీసిపారేసేవారు. ఉప్పు లేనిదే బతకని జీవి నేల మీది నుంచి వచ్చి ఉండదు కదా. తర్వాత దానికి సాలినిస్పోరా అని పేరు పెట్టారు. అది తయారుచేసే సాలినోస్పోరమైడ్-ఏ అనే రసాయనం క్యాన్సర్ కణాలను చంపుతున్నట్టు 2003లో ప్రకటించారు. మూడేళ్లు తిరిగేసరికి, 2006లో, దాన్ని రోగులకు ఇచ్చి చూసే పరీక్షలు మొదలయ్యాయి. మందుల ప్రపంచంలో అది గుర్రపు వేగమే.

అంతకంటే పెద్ద వార్త 2007లో వచ్చింది. ఆ బ్యాక్టీరియా జన్యు సమాచారం మొత్తాన్ని, అంటే జీనోమ్‌ను, బ్రాడ్లీ మూర్ బృందం చదివింది. సుమారు 52 లక్షల అక్షరాలున్న ఆ పుస్తకంలో దాదాపు పదో వంతు ఇలాంటి రసాయనాల తయారీకే కేటాయించి ఉంది. మొత్తం 17 తయారీ సూత్రాలు బయటపడ్డాయి. ఏళ్ల తరబడి దాన్ని పెంచి, పిండి, వడగట్టి చూసిన వారికి అప్పటికి తెలిసిన రసాయనాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినవే. ప్రయోగశాలలో ఆ జీవి చేసి చూపించింది కొంత, చేయగలిగి కూడా దాచుకున్నది బోలెడంత అని తేలింది.

ఇది శాస్త్రవేత్తలు తమలో తాము మాట్లాడుకుని ముచ్చటపడే సంగతి కాదు. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. 2025 నుంచి 2050 వరకూ ఈ సంఖ్య 3.9 కోట్లకు చేరవచ్చని అదే అధ్యయన బృందం 2024లో హెచ్చరించింది. అందులో దక్షిణాసియా వాటా అందరికంటే ఎక్కువ. ఆస్పత్రుల్లో ఐసీయూ వార్డుల డాక్టర్లకు ఈ లెక్కలు కొత్త కాదు. చివరి అస్త్రంగా దాచుకున్న కార్బపెనెమ్ మందులను కూడా లెక్కచేయని క్లెబ్సియెల్లా వంటి సూక్ష్మజీవులు వారికి రోజూ ఎదురవుతూనే ఉన్నాయి. కొత్త మందు కావాలి. దాని కోసం ఎక్కడ వెతకాలన్నదే ప్రశ్న.

పాత గనులు ఎండిపోయాయి

యాంటీబయాటిక్‌ల చరిత్ర ప్రధానంగా మట్టి చరిత్ర. సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికింది మట్టిలోని బ్యాక్టీరియా నుంచే. భీమవరంలో పుట్టి అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు కాలంలో బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్‌దీ అదే దారి. మిస్సోరి విశ్వవిద్యాలయ పొలంలోని మట్టి నుంచి వచ్చిన ఆ మందు, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, 1948లో లోకానికి పరిచయమైంది. సుబ్బారావు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. భారత గడ్డ మీది మట్టీ వట్టిపోలేదు. పుణె దగ్గర పింప్రిలో ప్రభుత్వ రంగ సంస్థ హిందూస్థాన్ యాంటీబయాటిక్స్ శాస్త్రవేత్తలు అక్కడి మట్టి నుంచే ఫంగస్‌ను చంపే హమైసిన్‌ను వెలికితీశారు.

ఆ రోజుల్లో పద్ధతి చాలా సూటిగా ఉండేది. గుప్పెడు మట్టి తేవడం, అందులోని బ్యాక్టీరియాను పెంచడం, అది వదిలే రసం రోగకారక క్రిములను చంపుతుందేమో చూడటం. కొన్ని దశాబ్దాల పాటు ఈ పద్ధతి బంగారం పండించింది. ఆ తర్వాత మొరాయించింది. ఎక్కడి మట్టి తెచ్చి చూసినా అవే స్ట్రెప్టోమైసిన్‌లు, అవే టెట్రాసైక్లిన్‌లు మళ్లీ మళ్లీ దొరకసాగాయి. నెలల తరబడి కష్టపడి శుద్ధి చేసిన రసాయనం చివరికి యాభై ఏళ్ల కిందటి పాత మిత్రుడేనని తేలితే ఖర్చు దండగ, కాలం దండగ. పెద్ద కంపెనీలు విసిగిపోయి ఒక్కొక్కటిగా ఈ పని నుంచి తప్పుకున్నాయి.

తప్పు మట్టిది కాదని 2002లో అర్థమైంది. స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే నేల బ్యాక్టీరియా జీనోమ్‌ను బ్రిటన్ శాస్త్రవేత్తలు ఆ ఏడాది చదివారు. దశాబ్దాలుగా ప్రయోగశాలల్లో నలిగిన ఆ జీవి నాలుగైదు రసాయనాలు మాత్రమే చేస్తుందని అందరూ అనుకునేవారు. దాని జన్యువుల్లో ఇరవైకి పైగా తయారీ సూత్రాలు కనిపించాయి. అంటే ఇన్నాళ్లూ తవ్వింది గని పైపొరను మాత్రమే. సాలినిస్పోరా సంగతి తేలాక, సముద్రంలో కూడా అదే కథ అని రుజువైంది. పైగా ఇక్కడ చాలావరకు ఎవరూ వేలు పెట్టని గనులు.

రెండు కళ్లతో వెతుకులాట

బ్యాక్టీరియాకు ఒక మంచి అలవాటుంది. ఒక రసాయనం తయారీకి కావలసిన జన్యువులన్నింటినీ అది సాధారణంగా ఒకేచోట, పక్కపక్కనే పేర్చుకుంటుంది. ఒక వంటకానికి కావలసిన దినుసులన్నీ ఒకే అలమరలో సర్దిపెట్టుకున్నట్టు. జీనోమ్ చదివిన కంప్యూటర్ ఈ అలమరలను ఇట్టే పట్టేస్తుంది. ఆ పని చేసే యాంటీస్మాష్ అనే ప్రోగ్రామ్ 2011 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. ఇంటర్నెట్ ఉన్న ఏ కళాశాల విద్యార్థి అయినా ఒక బ్యాక్టీరియా జీనోమ్‌ను అందులోకి ఎక్కిస్తే, ఇది ఫలానా తరహా రసాయనం తయారుచేయగలదు, ఇది ఎవరికీ తెలియని రకం అని అది చెబుతుంది. 1995లో మొట్టమొదటి బ్యాక్టీరియా జీనోమ్‌ను పూర్తిగా చదవడం ప్రపంచ వార్త. ఇప్పుడు అది కొన్ని వేల రూపాయల పని.

ఇది ఒక కన్ను. అయితే దినుసులు చూసి వంటకం రుచి చెప్పడం కష్టం. బ్యాక్టీరియా నిజంగా ఏం వండిందో చూడటానికి రెండో కన్ను కావాలి. అది మాస్ స్పెక్ట్రోమీటర్. బ్యాక్టీరియా పెరిగిన ద్రవంలోని రసాయనాలను ఈ యంత్రం అణువుల స్థాయిలో తూకం వేస్తుంది, వాటిని ముక్కలు చేసి ఆ ముక్కలనూ తూస్తుంది. ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలు ఒకే తీరులో విరుగుతాయి. ఈ పోలికలను పట్టుకుని బంధువులందరినీ వలలా కలిపే పద్ధతిని శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పీటర్ డోరెస్టీన్ తదితరులు రూపొందించారు. జీఎన్‌పీఎస్ అనే పేరుతో వారు నెలకొల్పిన ఉమ్మడి ఖాతా గురించి 2016లో ప్రకటించారు. ప్రపంచంలో ఏ మూల ఉన్న శాస్త్రవేత్త అయినా తన యంత్రం ఇచ్చిన లెక్కలను అందులో వేసి, ఇది పాత మిత్రుడా కొత్త ముఖమా అని మొదటి రోజే తేల్చుకోవచ్చు. మట్టి కాలంలో శాస్త్రవేత్తలను ఓడించిన 'మళ్లీ అదే దొరికింది' అనే బెడదకు ఇది విరుగుడు.

రెండు కళ్లూ కలిస్తే ఏమవుతుందో 2015లో జెన్సెన్, మూర్, డోరెస్టీన్ బృందాలు చూపించాయి. సాలినిస్పోరాకు చెందిన 35 నమూనాల జీనోమ్‌లనూ, అవి తయారుచేసిన రసాయనాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. ఏ రసాయనం ఏ నమూనాల్లో మాత్రమే ఉంది, ఏ జన్యువుల గుంపు సరిగ్గా ఆ నమూనాల్లోనే ఉంది అని జత కలుపుతూ పోయారు. ఆ పొంతనలో రెటిమైసిన్-ఏ అనే కొత్త రసాయనమూ, దాన్ని తయారుచేసే జన్యువులూ ఒకేసారి చిక్కాయి. వేలిముద్రనూ మనిషినీ ఒకేసారి పట్టుకున్నట్టు. అంతకు ముందే, 2007లో, సాలినిల్యాక్టమ్ అనే మరో రసాయనం నిర్మాణాన్ని తేల్చడంలో యంత్రాలు తడబడినప్పుడు జీనోమే దారి చూపింది. జన్యువుల వరస చూసి అణువు నిర్మాణాన్ని ఊహించి, ఆ ఊహను యంత్రంతో సరిచూసుకున్నారు.

ఇంతకంటే చమత్కారమైన ఆచూకీ మరొకటుంది. విషం తయారుచేసేవాడు ముందు తాను చావకుండా చూసుకోవాలి. సాలినోస్పోరమైడ్ కణాల్లో పనికిరాని ప్రొటీన్‌లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ అనే యంత్రాంగాన్ని అడ్డుకుంటుంది. తయారుచేసే బ్యాక్టీరియాకూ ఆ యంత్రాంగం ఉంది. అందుకే విషానికి లొంగని రెండో ప్రోటియాసోమ్ జన్యువును అది విషం తయారీ జన్యువుల పక్కనే దాచుకుంది. దీన్నిబట్టి శాస్త్రవేత్తలకు ఒక ఆలోచన వచ్చింది. తయారీ అలమర పక్కన, ప్రాణానికి అవసరమైన ఏదైనా జన్యువుకు రెండో ప్రతి కనిపిస్తే, ఆ అలమరలో వండే విషం సరిగ్గా ఆ జన్యువు చేసే పనినే దెబ్బతీస్తుందన్నమాట. మూర్ బృందం 86 సాలినిస్పోరా జీనోమ్‌లను ఈ కోణంలో జల్లెడ పట్టి, బ్యాక్టీరియాలో కొవ్వు తయారీని ఆపే థయోల్యాక్టోమైసిన్ తరహా యాంటీబయాటిక్‌ల తయారీ సూత్రాన్ని 2015లో బయటపెట్టింది. మందు చేతికి రాకముందే అది దేన్ని కొడుతుందో తెలుసుకోవడం మట్టి కాలంలో ఊహకు కూడా అందని విషయం.

నిద్ర లేపేదెవరు?

ఇంత తెలిసినా, చిట్టా చదవడం వేరు, సరుకు చేతికందడం వేరు. 75 సాలినిస్పోరా జీనోమ్‌లపై 2014లో వచ్చిన అధ్యయనంలో 124 తయారీ సూత్రాలు లెక్కకు వచ్చాయి. వాటిలో చాలావరకు ఒకటి రెండు నమూనాల్లోనే కనిపించాయి. అంటే ఎంత బురద వెతికితే అంత కొత్త సరుకు. కానీ వాటిలో ఎక్కువ భాగం ఏ రసాయనాన్ని చేస్తాయో ఎవరికీ తెలియదు. ఎందుకంటే ప్రయోగశాలలోని సుఖమైన వాతావరణంలో బ్యాక్టీరియా ఆ జన్యువులను నిద్రపుచ్చుతుంది. పోటీదారు లేనప్పుడు ఆయుధం తయారుచేసి ఎందుకు ఖర్చు పెంచుకోవడం?

నిద్ర లేపడానికి దారులున్నాయి. ఉప్పు, ఆహారం, వేడి మార్చి చూడటం ఒకటి. మరో జాతి బ్యాక్టీరియాను పక్కన పెంచి కవ్వించడం ఇంకొకటి. అన్నిటికంటే సాహసమైనది, జన్యువుల గుంపు మొత్తాన్ని కత్తిరించి మచ్చికైన మరో జీవిలో అతికించడం. సముద్రపు బ్యాక్టీరియా సాకరోమోనోస్పోరాలో మూగగా పడివున్న 67 వేల అక్షరాల జన్యువుల గుంపును 2014లో ఈస్ట్ సహాయంతో బయటికి తీసి, ముందు చెప్పుకున్న స్ట్రెప్టోమైసిస్ సీలికలర్‌లో పెట్టారు. ఆ జీవి టారోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తయారుచేసింది. తీవ్రమైన ఇన్ఫెక్షన్లకు ఆస్పత్రుల్లో వాడే డాప్టోమైసిన్‌కు అది దగ్గరి చుట్టం. అయితే ఇలాంటి ఒక్కో విజయం వెనుక నెలలు, ఏళ్ల శ్రమ ఉంటుంది. కంప్యూటర్ నిమిషాల్లో వందల అలమరలను చూపిస్తుంది. వాటిలో ఒక్కదాన్ని తెరిపించడానికి ఒక పరిశోధక విద్యార్థి పీహెచ్‌డీ కాలం కరిగిపోవచ్చు.

తెరుచుకున్నాక కూడా దారి పూలబాట కాదు. సాలినోస్పోరమైడ్‌నే తీసుకోండి. మారిజోమిబ్ అనే మందుగా మారి, ఉప్పునీటితో నడిచే ఫెర్మెంటర్లలో పెద్ద ఎత్తున తయారై, రోగుల దాకా వెళ్లింది. మెదడులోకి చొచ్చుకుపోగలదన్న ఆశతో గ్లయోబ్లాస్టోమా అనే ప్రాణాంతక మెదడు క్యాన్సర్ ఉన్న 749 మందిపై చివరి దశ పరీక్ష జరిపారు. మామూలు చికిత్సకు దీన్ని జోడించినా రోగుల ఆయుష్షు పెరగలేదని 2021లో తేలింది. బురద నుంచి మొదలై మూడు దశాబ్దాలు నడిచిన ప్రయాణం మందుల దుకాణం గడప దగ్గర ఆగిపోయింది. అదే యంత్రాంగంపై పనిచేసే కార్ఫిల్జోమిబ్ మాత్రం 2012లోనే అమెరికా అనుమతి పొందింది. దానికి మూలమైన ఎపాక్సోమైసిన్ కూడా ఒక బ్యాక్టీరియా సృష్టే. కాబట్టి బ్యాక్టీరియా చూపించిన గురి సరైనదే. ఏ బాణం తగులుతుందో మాత్రం ముందే చెప్పలేం.

జీనోమ్‌లు సముద్రపు మందుల మరో చిక్కుముడినీ విప్పాయి. కొన్ని రకాల కణితులకు వాడే ట్రాబెక్టెడిన్‌ను మొదట రాళ్లకూ చెట్ల వేళ్లకూ అంటిపెట్టుకుని ఉండే ఒక చిన్న సముద్ర జంతువు నుంచి తీశారు. టన్ను జంతువులను పిండితే వచ్చేది గ్రాము అటూ ఇటూ. అలా అయితే మందు రాకముందే ఆ జంతువు కనుమరుగవుతుంది. దాని లోపల కాపురముంటున్న బ్యాక్టీరియాయే అసలు వంటమనిషి అని 2011లో జన్యు పరీక్షలు బలమైన ఆధారాలు చూపించాయి. ఈలోపు మరో బ్యాక్టీరియా తయారుచేసే దగ్గరి రసాయనాన్ని తీసుకుని మిగతా భాగాన్ని కర్మాగారంలో పూర్తిచేసే పద్ధతి వచ్చింది. ఐరోపాలో 2007లో అమ్మకానికి వచ్చిన ఈ మందు అలాగే తయారవుతోంది. పగడాలనూ స్పంజ్‌లనూ టన్నులకొద్దీ కోసుకొచ్చే పాత పద్ధతికి కాలం చెల్లిందనడానికి ఇది సాక్ష్యం.

మన సముద్రం, మన కర్మాగారం, మధ్యలో ఖాళీ

భారత్‌కు సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్ల ప్రత్యేక ఆర్థిక మండలి ఉంది. గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, కోరింగ మడ అడవులు, ప్రాణవాయువు బాగా తగ్గిపోయే బంగాళాఖాతపు మధ్య పొరలు, అండమాన్ పగడపు దిబ్బలు, ఇలా రకరకాల ఆవాసాలున్నాయి. సముద్రం నుంచి మందులు తీయాలన్న ఆలోచన కూడా ఢిల్లీకి కొత్త కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ సమన్వయంతో 1990ల నుంచే ఒక జాతీయ ప్రాజెక్టు నడిచింది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్తలు మెత్తటి పగడాల రసాయనాలపై ఎన్నో పరిశోధన పత్రాలు ప్రచురించారు. గోవా కేంద్రంగా పనిచేసే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. 2021లో కేంద్ర మంత్రివర్గం ఐదేళ్లకు 4,077 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో, సముద్రపు లోతుల్లోని సూక్ష్మజీవుల నుంచి పనికొచ్చే పదార్థాలను వెతకడం కూడా ఒక లక్ష్యం. అయితే ఆ మిషన్ పేరెత్తితే జనానికి గుర్తొచ్చేది మనుషులను ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకెళ్లే మత్స్య-6000 వాహనమే.

మరో కొసన కర్మాగారాలున్నాయి. హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల తయారయ్యే బల్క్ డ్రగ్స్ లేకుండా ప్రపంచంలో చాలా మందుల దుకాణాలు నడవవు. అయితే ఈ బలం ప్రధానంగా రసాయన సంశ్లేషణలో ఉంది. బ్యాక్టీరియాను, ఫంగస్‌ను పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి మందు తీసే ఫెర్మెంటేషన్ విద్యను దేశం ఒక దశలో చేజేతులా వదిలేసుకుంది. చైనా చవక సరుకు ముందు నిలవలేక 1990ల తర్వాత పెన్సిలిన్-జి తయారీ ఇక్కడ మూతపడింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి 2020లో కేంద్రం ప్రోత్సాహకాల పథకం ప్రకటించాల్సి వచ్చింది. అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర కట్టిన పెన్సిలిన్-జి కర్మాగారం 2024లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఎనభై ఏళ్ల కిందటి మందును మళ్లీ చేసుకోవడానికే ఇంత తతంగమైతే, ఎవరూ చూడని సముద్రపు బ్యాక్టీరియాను ఉప్పునీటి ట్యాంకుల్లో పెంచడానికి ఎంత సన్నద్ధత కావాలో ఊహించుకోవచ్చు.

అంటే ఒక చివర బురద ఉంది, మరో చివర కర్మాగారం ఉంది. లోపించింది మధ్య భాగం. జన్యువులు చదివేవారు ఒకచోట, రసాయనాలు తూచేవారు మరోచోట, సూక్ష్మజీవులను భద్రపరిచేవారు ఇంకోచోట ఉంటే పైన చెప్పిన రెండు కళ్ల పద్ధతి నడవదు. స్క్రిప్స్ విజయ రహస్యం యంత్రాల ఖరీదులో కంటే ఈ ముగ్గురూ ఒకే ప్రాంగణంలో పాతికేళ్లు కలిసి పనిచేయడంలో ఉంది. అక్కడ 1990 ప్రాంతంలో ఫ్రీజర్‌లో పెట్టిన నమూనాలే 2015లో కొత్త పద్ధతికి పనికొచ్చాయి. ఇక్కడ ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది. పరిశోధన పత్రం వస్తుంది, విద్యార్థి పట్టా పుచ్చుకుని వెళ్లిపోతాడు. తర్వాత ఆ బ్యాక్టీరియా బతికుందో లేదో పట్టించుకునే నాథుడుండడు. చండీగఢ్‌లో 1986 నుంచి సూక్ష్మజీవుల జాతీయ భాండాగారం ఉంది. ప్రజల సొమ్ముతో సేకరించిన ప్రతి సముద్రపు నమూనా అక్కడికో, అలాంటి మరో చోటికో చేరాలన్న నియమం కచ్చితంగా అమలైతే పదేళ్ల తర్వాత వచ్చే పద్ధతులకు ముడిసరుకు సిద్ధంగా ఉంటుంది.

చేయగల సత్తా లేదనడానికి వీల్లేదు. చెన్నైకి చెందిన ఆర్కిడ్ కనుగొన్న ఎన్‌మెటాజోబాక్టమ్‌తో కూడిన యాంటీబయాటిక్‌కు 2024 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి దొరికింది. అయితే ఆ దశ దాకా దాన్ని మోసుకెళ్లింది ఒక విదేశీ సంస్థ. ఎందుకంటే యాంటీబయాటిక్‌ల వ్యాపారం తలకిందుల వ్యాపారం. కొత్త మందును వీలైనంత తక్కువగా వాడాలంటారు డాక్టర్లు, వీలైనంత ఎక్కువగా అమ్ముడుపోవాలనుకుంటాడు పెట్టుబడిదారు. అమెరికాలో అకావోజెన్ అనే సంస్థ 2018లో ప్లాజోమైసిన్‌కు అనుమతి సంపాదించి, మరుసటి ఏడాదే దివాలా తీసింది. ఇది చూశాక బ్రిటన్ ప్రభుత్వం 2022లో రెండు యాంటీబయాటిక్‌లకు అమ్మకాలతో సంబంధం లేకుండా ఏటా ఇంత అని చందా కట్టే పద్ధతి మొదలుపెట్టింది. అగ్నిమాపక దళానికి జీతమిచ్చేది మంటలను లెక్కపెట్టి కాదు కదా.

సొంతదారు ఎవరు?

ఇక రాజకీయం. ఒక దేశపు జీవ సంపదను పరాయివారు పట్టుకుపోతే లాభంలో వాటా ఇవ్వాలన్నది 2002 నాటి భారత జీవవైవిధ్య చట్టం సారాంశం. అంతర్జాతీయంగా 2010 నాటి నగోయా ఒప్పందం చెప్పేదీ అదే. ఈ చట్టాలు బురదను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇప్పుడు బురద అక్కర్లేదు. జన్యువుల అక్షరాలు కంప్యూటర్‌లో ఉంటే చాలు, వాటిని యంత్రంతో అచ్చుగుద్ది మరో బ్యాక్టీరియాలో పెట్టొచ్చు. బంగాళాఖాతంలో పుట్టిన తయారీ సూత్రం ఓడ ఎక్కకుండానే బోస్టన్ చేరగలదు. అలాగని జీనోమ్‌లను తాళం వేసి దాచుకుంటే, పైన చెప్పిన ఉచిత ప్రోగ్రామ్‌లూ ఉమ్మడి ఖాతాలూ ఎవరికీ పనికిరావు. అందరూ పంచుకోబట్టే అవి పనిచేస్తున్నాయి. వాటి వల్ల ఎక్కువ మేలు జరిగేది కూడా సొంత లైబ్రరీలు లేని పేద ప్రయోగశాలలకే.

ఈ ముడిని విప్పడానికి 2025 ఫిబ్రవరిలో కాలి నిధిని ప్రారంభించారు. జన్యు సమాచారాన్ని వాడుకుని లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో ఒక శాతమో, ఆదాయంలో 0.1 శాతమో అందులో వేయాలన్నది ఆలోచన. అయితే అది స్వచ్ఛందం. ఏ దేశానికీ చెందని సముద్ర జలాల కోసం 2023లో ఐక్యరాజ్య సమితిలో ఆమోదం పొందిన ఒప్పందంపై భారత్ 2024 సెప్టెంబరులో సంతకం చేసింది. 2026 జనవరిలో అమల్లోకి వచ్చిన ఆ ఒప్పందం, సముద్ర జీవుల జన్యు సమాచారం వల్ల కలిగే లాభాల పంపకం గురించి కూడా మాట్లాడుతుంది. పంపకం బల్ల దగ్గర కూర్చున్నప్పుడు గొంతు పెగలాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. బురద మాత్రమే ఉన్న దేశానికి దక్కేది రాయల్టీ చిల్లర. అణువును చేసి చూపించగల దేశం ధర గురించి మాట్లాడగలదు. 1970 పేటెంట్ చట్టం తర్వాత చవక మందుల విషయంలో భారత్‌కు ఆ అనుభవం ఉండనే ఉంది.

చేయాల్సిన పనుల జాబితా పెద్దదేమీ కాదు. సముద్ర శాస్త్రం, జన్యు శాస్త్రం, రసాయన శాస్త్రం ఒకే కప్పు కింద ఉండే రెండు మూడు కేంద్రాలు. వాటికి మూడేళ్ల ప్రాజెక్టుల బదులు పదిహేనేళ్ల హామీ. నమూనాల భాండాగారం. ఉప్పునీటి ఫెర్మెంటేషన్‌కు ఒక ప్రయోగాత్మక కర్మాగారం. పనికొచ్చే మందు తయారైతే అమ్మకాలతో నిమిత్తం లేకుండా కొంటామని ప్రభుత్వ ఆస్పత్రుల తరఫున ఒక మాట. తీరంలో సముద్రమూ, విశ్వవిద్యాలయమూ, మందుల పరిశ్రమా ఒకదాని పక్కన ఒకటి ఉన్న విశాఖ వంటి నగరం ఇందుకు అనువుగా ఉంటుంది. ఎంత జాగ్రత్తగా చేసినా వంద అణువుల్లో తొంభైకి పైగా మారిజోమిబ్‌లా మధ్యలోనే ఆగిపోతాయి. ఆ సంగతి ముందే తెలిసి కూడా డబ్బు పెట్టగలగడమే ఇందులో అసలు విధాన నిర్ణయం. రోగకారక బ్యాక్టీరియా మాత్రం బడ్జెట్ సమావేశాల కోసం ఆగదు. ఐసీయూల్లో అది రోజురోజుకూ కొత్త పాఠం నేర్చుకుంటూనే ఉంది.